కిలోమీటరు లోపలి ఇల్లు: శ్రీకాకుళంలో ఒకటో తరగతి ఉచిత సీట్ల మీద ఒక కేస్ స్టడీ

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో ఉచిత సీటు రాలేదంటే అందరి అనుమానమూ లాటరీ మీదకే పోతుంది. ‘కంప్యూటర్లో ఏదో చేశారు’ అంటారు. ఫైళ్లు తిరగేస్తే తేడా కనపడేది అక్కడ కాదు, దరఖాస్తులో చిరునామా రాసే గడి దగ్గర. లాటరీ తీసే రోజుకి ఎవరికి అవకాశం ఉందో, ఎవరికి లేదో సగం తేలిపోయి ఉంటుంది. మండల స్థాయిలో ఎవరూ లాటరీని ముట్టుకోలేరు, అది రాష్ట్ర స్థాయిలో జరిగిపోతుంది. లాటరీలోకి వెళ్లే జాబితా ఎంత శుభ్రంగా ఉందన్నది మాత్రం పూర్తిగా ఇక్కడివాళ్ల చేతిలోనే ఉంది.

ఈ కేసులోని బడి గానీ కుటుంబాలు గానీ ఏ ఒక్కరివీ కావు. శ్రీకాకుళం పట్టణంలో ఎదురయ్యే రకాలన్నిటినీ ఒకే బడి మీదకు తెచ్చి, లెక్క తేలిగ్గా అందేలా అంకెలు పెట్టుకున్నాం. సెక్షన్లు, కోటాలు, ఆదాయ పరిమితులు మాత్రం నిజంగా ఉన్నవే.

బడి, సీట్లు

బడి స్టేట్ సిలబస్‌ది. ఒకటో తరగతిలో 40 సీట్లు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2009 చట్టంలో సెక్షన్ 12(1)(సి) ప్రకారం ఎయిడ్ లేని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతి సంఖ్యలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో మైనారిటీ సంస్థలకు దీని నుంచి మినహాయింపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్ల భర్తీ 2022-23 నుంచి మొదలైంది.

40లో 25 శాతమంటే 10. ఆ పదీ ఒకే గంప కాదు. అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీల్లోని పేదలకు కలిపి 6. 40 సీట్ల బడికి లెక్క వేస్తే వరుసగా 2, 4, 1.6, 2.4 వస్తాయి. దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే 2, 4, 2, 2. అంటే పట్టణంలో సంఖ్యాపరంగా ఎక్కువగా ఉండే బీసీ కుటుంబాలు, మైనారిటీలు, పేద ఓసీలు అందరూ కలిసి పోటీపడేది రెండే రెండు సీట్లకు. పోటీ ఎక్కడ మండుతుందో, మోసం ఎక్కడ పుడుతుందో ఈ లెక్కలోనే ఉంది. ఎస్టీ సీట్ల పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. సవర, జాతాపు కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఏజెన్సీలో కాబట్టి పట్టణం నడిమధ్య బడికి ఆ కోటాలో దరఖాస్తులు తక్కువ. ఖాళీగా మిగిలే కోటా అంటే కుల ధ్రువీకరణ పత్రం మీద కన్నుపడే కోటా. అనుమానం వస్తే మండల స్థాయిలో తేల్చేయకూడదు. కుల ధ్రువీకరణ పత్రాల జారీ మీద చేసిన 1993 నాటి 16వ నంబరు చట్టం ప్రకారం కలెక్టరుకు పంపాలి.

ఆ రెండు సీట్లకు ఆదాయ పరిమితి పల్లెలో ఏడాదికి 1,20,000, పట్టణంలో 1,44,000. బియ్యం కార్డుకు పెట్టిన నెలకు పది వేలు, పన్నెండు వేలు హద్దే ఇది. దూరం విషయానికొస్తే, కిలోమీటరు లోపల ఉన్నవారికి మొదటి ప్రాధాన్యం, సీట్లు మిగిలితే 3 కిలోమీటర్ల లోపలివారికి. స్టేట్ సిలబస్ బడికి జూన్ 1 నాటికి, సెంట్రల్ సిలబస్ బడికి ఏప్రిల్ 1 నాటికి పిల్లకు అయిదేళ్లు నిండాలి. జూన్ 3న పుట్టిన పిల్ల కోసం తేదీ దిద్దించాలని చూసేవాళ్లుంటారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే అది బయటపడుతుంది. పుట్టాక అయిదేళ్లకు, సరిగ్గా ఈ మార్చిలో రిజిస్టరైందంటే అడగాల్సిందే. అలాగని వయసు రుజువు లేదన్న కారణంతో సీటు కాదనడానికి సెక్షన్ 14 ఒప్పుకోదు.

నాలుగు దరఖాస్తులు

రెండు సీట్లకు వచ్చిన దరఖాస్తులు 20. నిజంగా కిలోమీటరు లోపల ఉన్నవాళ్లు ఆరుగురు, మిగతా 14 మంది మూడు కిలోమీటర్ల లోపల. ఈ ఇరవైలో నాలుగింటిని విడిగా చూడాలి.

అద్దె గది కుటుంబం. బడికి 600 మీటర్లలో ఒంటి గదిలో తల్లీ, కూతురూ ఉంటారు. తండ్రి చెన్నైలో తాపీ పని. ఆధార్‌లో చిరునామా గార మండలంలోని సొంతూరు. ఇంటి యజమాని అగ్రిమెంటు రాయడు. రాస్తే ఇంటి పన్ను పెరుగుతుందని ఒక భయం, రేపు ఖాళీ చేయమంటే చేయరేమోనని ఇంకొకటి. కరెంటు బిల్లు అతని పేరు మీదే. సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ కుటుంబం ఏ సచివాలయం కిందకొస్తుందో రాసిన జాబితాలో, ఈ కుటుంబం ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. నిజం ఈమె వైపు, కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

అగ్రిమెంటు కుటుంబం. కాగితాలు అద్దంలా ఉన్నాయి. 400 మీటర్ల దూరంలో ఇల్లు, నోటరీ చేసిన 11 నెలల అద్దె అగ్రిమెంటు, ఇద్దరు సాక్షులు. వాళ్లు నిజంగా ఉండేది 2.4 కిలోమీటర్ల అవతల సొంత ఇంట్లో.

ఏటి అవతలి కుటుంబం. బడి నాగావళికి ఈ ఒడ్డున, ఇల్లు ఆ ఒడ్డున. మ్యాపులో గీత గీస్తే 850 మీటర్లు. వంతెన మీదుగా వస్తే 2.1 కిలోమీటర్లు.

యూకేజీ కుటుంబం. పిల్లాడు రెండేళ్లుగా అదే బడిలో ఫీజు కట్టి చదువుతున్నాడు. ఇల్లు కిలోమీటరు లోపలే, అందులో అబద్ధం లేదు. దరఖాస్తు బడి ఆఫీసులోనే నింపారు. తండ్రి బట్టల షాపులో నెలకు 9,500కు పనిచేస్తాడు. ఆదాయ పత్రంలో అంతే చూపించారు, ఏడాదికి 1,14,000. తల్లి ఇంట్లో కుట్టు పని చేస్తుంది, సగటున నెలకు 4,000. రెండూ కలిపితే 1,62,000, పరిమితి దాటినట్టే.

ఈ నాలుగింటిలో చట్టం దృష్టిలో తప్పు చేసింది అగ్రిమెంటు కుటుంబం. యూకేజీ కుటుంబం ఒక ఆదాయాన్ని చెప్పలేదు. అందరికంటే ముందు తిరస్కరణకు గురయ్యేది మాత్రం అద్దె గది కుటుంబం. కాగితాన్ని మాత్రమే చూసే ప్రతి పరిశీలనలోనూ ఇలాగే జరుగుతుంది. అబద్ధం చెప్పదలుచుకున్నవాడు కాగితం తయారుచేసుకునే వస్తాడు. నిజం చెప్పేవాళ్లకు ఆ అవసరం ఉందని కూడా తెలీదు. అందుకే ‘పరిశీలన కఠినంగా చెయ్యండి’ అన్న ఆదేశం వచ్చిన ఏడాది నిజాయితీపరులే ఎక్కువ రాలిపోతారు.

ఒక్క అగ్రిమెంటు ఏం చేస్తుంది

దూరం ప్రకారం వరుస పెట్టినప్పుడు, కిలోమీటరు లోపలి ఆరుగురికే రెండు సీట్లూ సరిపోతాయి. ఒక్కొక్కరికి మూడింట ఒక వంతు అవకాశం. బయటి 14 మందికి వచ్చే అవకాశం పది శాతమో అయిదు శాతమో కాదు, సున్నా. దూరపు తండ్రి దొంగ అగ్రిమెంటుకు ఎందుకు తెగిస్తాడో ఈ సున్నాను చూస్తే అర్థమవుతుంది. వరుసలో కొంచెం ముందుకు జరగడం కోసం కాదు, అసలు వరుసలోకి రావడం కోసం.

ఇప్పుడు ముగ్గురు దొంగ చిరునామాతో లోపలికి వచ్చారనుకుందాం. రెండు సీట్లకు తొమ్మిది మంది. నిజంగా లోపల ఉన్న పిల్ల అవకాశం 33 శాతం నుంచి 22కి పడిపోతుంది. రెండు సీట్లలో కనీసం ఒకటి దొంగ చిరునామాకు పోయే అవకాశం 58 శాతం. దరఖాస్తుల్లో దొంగవి 20లో మూడే, సీట్ల దగ్గరకొచ్చేసరికి దెబ్బ సగానికి పైన. పెద్ద సంఖ్యలో మోసం జరగనక్కర్లేదు. సీట్లు తక్కువైన చోట ఒకటి రెండు చాలు.

పల్లె, పట్టణం హద్దులో ఇంకో మెలిక ఉంది. 1,35,000 ఆదాయమున్న కుటుంబం పట్టణంలో అర్హులు, పక్క పంచాయతీలో అనర్హులు. కాబట్టి దొంగ చిరునామా ఒక్కోసారి దూరాన్నీ, ఆదాయ పరిమితినీ రెండింటినీ ఒకే దెబ్బతో దాటిస్తుంది. ఎచ్చెర్ల, ఆమదాలవలస వైపు శివార్ల దరఖాస్తుల్లో ఈ రెండూ కలిపి చూడాలి.

ఒకే పిల్లకు రెండు దరఖాస్తులు పడటం మరో రకం. తండ్రి ఆధార్‌తో ఒకటి, తల్లి ఆధార్‌తో ఒకటి, పేరులో ఒక అక్షరం తేడా: ఒకదాంట్లో యశ్వంత్, ఇంకోదాంట్లో జస్వంత్. పేరు మీద వెతికితే దొరకదు. జాబితాను పుట్టిన తేదీ వరుసలో పెట్టి, ఒకే తేదీ ఉన్నవాటిలో తల్లి పేరు చూస్తే అయిదు నిమిషాల పని. కవలలైతే పేర్లు పూర్తిగా వేరుగా ఉంటాయి, సర్టిఫికెట్లు రెండుంటాయి. ఇది ఎప్పుడూ మోసమే అనుకోకూడదు. మొదటి దరఖాస్తు సబ్మిట్ అయిందో లేదో తెలీక నెట్ సెంటర్‌లో మళ్లీ కొట్టించినవి చాలా ఉంటాయి. ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే సరి.

కాగితం వెనక్కి తిప్పి చూడటం

అగ్రిమెంటు చేతికొస్తే ముందు పేజీ చదివి ఊరుకుంటారు. అసలు సమాచారం స్టాంపు పేపరు మీద వెండరు రాసిన వరుసలో ఉంటుంది: సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, ఎవరి కోసం. మన అగ్రిమెంటులో ‘నిరుడు జూన్ 10న రాసుకున్న అద్దె ఒప్పందం’ అని ఉంది. వెండరు ముద్ర దగ్గర తేదీ ఈ ఏడాది ఫిబ్రవరి 18. ఎనిమిది నెలల తర్వాత కొన్న కాగితం మీద ఎనిమిది నెలల ముందు సంతకాలు ఎలా పడ్డాయి? దీనికి జవాబుండదు. తేదీలు కుదిరిన సందర్భాల్లో కొన్నవారి పేరు చూడాలి. అద్దెకు ఇచ్చేవాడో, తీసుకునేవాడో కాక మూడో మనిషి పేరుంటే మధ్యలో దళారి ఉన్నట్టే.

తర్వాత కరెంటు బిల్లు. సర్వీసు నంబరు ఆ పోర్షన్‌కు విడిగా ఉంటే గత ఆరు నెలల యూనిట్లు చూడాలి. 4, 6, 3, 5 అని ఉంటే ఆ పోర్షన్‌లో ఎవరూ కాపురం లేరు. ఒక ఫ్యాన్, రెండు లైట్లు, టీవీ ఉన్న ఇంట్లో శ్రీకాకుళం ఉక్కపోతలో అది సాధ్యం కాదు. మొత్తం ఇంటికి ఒకటే మీటరైతే ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని పట్టుకుని వేలాడకూడదు.

రేషన్ డిపోను ఆధారంగా తీసుకోవడం పాత అలవాటు. సరుకులు ఏ డిపోలోనైనా తీసుకునే వీలున్నాక అది దేనికీ రుజువు కాదు. గ్యాస్ సిలిండరు ఎక్కడ దించుతారన్నది అంతకంటే నయం. అన్నిటికంటే గట్టిది అంగన్వాడీ. అయిదేళ్ల పిల్ల పేరు ఏ కేంద్రం రిజిస్టరులో ఉంది, కోడిగుడ్లు ఎక్కడ తీసుకుంది, తల్లీబిడ్డ కార్డులో టీకాలు ఏ ఆరోగ్య కేంద్రంలో పడ్డాయి అన్నవి సీటు కోసం పుట్టించిన ఆధారాలు కావు, బతుకులోంచి వచ్చినవి. అద్దె గది కుటుంబాన్ని గట్టెక్కించేది ఈ ఆధారమే. ఆ వీధి అంగన్వాడీ రిజిస్టరులో పిల్ల పేరు రెండేళ్లుగా ఉంది. యజమాని సంతకం లేకపోయినా ఇది చాలు. కేంద్రీయ విద్యాలయాల ప్రవేశాల్లో నివాస రుజువు లేనివారి దగ్గర దూరం గురించి రాతపూర్వక స్వీయ ప్రకటనను తీసుకునే వీలుంది. ఇక్కడా అదే పద్ధతి పాటించి, ప్రకటన తీసుకున్నాక ఇంటికి వెళ్లి చూడటమే న్యాయం.

పరిశీలించేవారు ఇంకోటి మర్చిపోతుంటారు. చూడాల్సింది పిల్ల ఉండే ఇల్లు, తల్లిదండ్రులది కాదు. తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద, తల్లి హైదరాబాద్‌లో పనిలో, పిల్ల అమ్మమ్మ దగ్గర అయితే ఆ పిల్ల నివాసం అమ్మమ్మ ఇల్లే. వలసలు ఇంత ఉన్న జిల్లాలో దీన్ని అనుమానించడం మొదలుపెడితే సగం తీర ప్రాంతం దొంగే అవుతుంది. తేడా ఒక్కటే: పిల్ల వారంలో ఎక్కువ రోజులు అక్కడే పడుకుంటుందా, పండక్కి మాత్రమే వస్తుందా.

ఇంటికి వెళ్లినప్పుడు

ఇరవై ఇళ్లూ తిరగనక్కర్లేదు. కిలోమీటరు లోపల ఉన్నామని చెప్పినవాళ్లు, 900 నుంచి 1,100 మీటర్ల మధ్య హద్దులో ఉన్నవాళ్లు, ఈ రెండు గుంపులు చాలు. దాటినవాళ్లు అబద్ధమాడి బాగుపడేది ఏమీ లేదు కదా. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శి, క్లస్టరు స్థాయి విద్యాశాఖ సిబ్బందిలో ఒకరు, ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఒక్కరే వెళ్తే ఒత్తిడికీ, తర్వాత ఆరోపణకీ రెండింటికీ దొరికిపోతారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపు సరైన వేళ. పగలు పదకొండు గంటలకు తలుపు తట్టి ‘తాళం వేసి ఉంది, నివాసం లేదు’ అని రాసేయడం కూలి పనికి వెళ్లే తల్లికి అన్యాయం. కనీసం రెండుసార్లు, రెండు వేర్వేరు వేళల్లో వెళ్లాకే ‘లేరు’ అని రాయాలి.

అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. మున్సిపల్ కుళాయి ఎన్నింటికి వస్తుంది, చెత్త బండి ఎక్కడ ఆగుతుంది, పాపను అంగన్వాడీకి ఎవరు తీసుకెళ్తారు. ఆ వీధిలో కాపురమున్నవాళ్లు ఆలోచించకుండా చెప్పేస్తారు. అగ్రిమెంటు చిరునామాలో తలుపు తీసిన పెద్దావిడ చాలాసార్లు ఒక్క మాటతో కేసు తేల్చేస్తుంది: ‘ఇక్కడ అద్దెకెవులూ నేరు బాబూ, మేడ మీద మా చిన్నబ్బాయోల్లే.’ ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి గానీ ఆవిడ చేత సంతకం పెట్టించకూడదు. ఇరుగుపొరుగు తగువులు ఈ సీటు కంటే ఎక్కువ కాలం ఉంటాయి.

అనాథలు, హెచ్‌ఐవీ, దివ్యాంగుల కోటా దరఖాస్తులకు ఈ పద్ధతి వర్తించకూడదు. పొరుగింట్లో ఒక ప్రశ్న అడిగినా కోటా పేరు బయటపడిపోతుంది. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ విషయం బయటపెట్టడాన్నీ, చదువులో వివక్షనూ రెండింటినీ నిషేధించింది. ఆ కోటాలో చిరునామాను అంగన్వాడీ రిజిస్టరుతో, కాగితాలతో ఆఫీసులోనే సరిచూసుకోవాలి. నోటీసు బోర్డు జాబితాలో ఆ వరుసలో కోటా పేరు ఉండకూడదు.

ఇక ఏటి సంగతి. వేసవిలో దరఖాస్తులు చూసేటప్పుడు నాగావళిలో ఇసుక తిన్నెల మీద నడిచి ఇవతలికి వచ్చేస్తారు, 850 మీటర్లు నిజమే అనిపిస్తుంది. ఆగస్టులో నీళ్లొచ్చాక అదే పిల్ల వంతెన తిరిగి రావాలి. నిబంధనల్లో ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పింది కిలోమీటరు ‘నడక దూరం’. పిల్ల ఏడాది పొడవునా నడవగలిగే దారిని కొలవడమే దానికి దగ్గరి అర్థమని మా అభిప్రాయం. ఆ లెక్కన ఈ కుటుంబం కిలోమీటరు బయట, మూడు కిలోమీటర్ల లోపల. వాళ్లకిది బాధే. కానీ ఒకరికి గీత దూరం, ఇంకొకరికి దారి దూరం కొలిస్తే ఆ బడి జాబితాను ఎవరూ నమ్మరు. ఏ పద్ధతైనా సరే, దరఖాస్తులు మొదలయ్యే ముందే ప్రకటించి అందరికీ అదే వాడాలి. ఫోన్ మ్యాపులో ఇంటి చోటు చూపించే పిన్ను పెట్టేటప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి పెట్టాలి. నెట్ సెంటర్‌లో కూర్చుని పెట్టిన పిన్ను నెట్ సెంటర్ చిరునామానే చూపిస్తుంది. బజారు మధ్యనుండే సెంటర్లలో ఇలా ఒకే బిందువు మీద పదేసి దరఖాస్తులు కనిపిస్తే అది మోసం కాదు, బద్ధకం.

నెట్ సెంటర్ వల్లే ఇంకో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. తండ్రి చెన్నైలో ఉన్నాడు, ఓటీపీ అతనికి పోతుందని సెంటర్ కుర్రాడు తన నంబరే కొట్టేస్తాడు. సీటు వచ్చిందన్న మెసేజీ కూడా ఆ నంబరుకే వెళ్తుంది. చేరడానికి ఇచ్చిన గడువు దాటిపోతుంది, సీటు రెండో లాటరీకి పోతుంది. తల్లికి తెలిసేసరికి బడి తెరిచి వారం. దరఖాస్తు ప్రింటు తీసుకుని, అందులో నంబరు తల్లి దగ్గరుండే ఫోనుదో కాదో చూసుకోవాలి. ఫలితాల రోజు సచివాలయంలో దరఖాస్తు నంబరుతో స్వయంగా వెతికించుకోవాలి.

యూకేజీ కుటుంబం, బడి లెక్క

అదే బడిలో యూకేజీ చదివిన పిల్ల దరఖాస్తు చేసుకోవడం తప్పు కాదు. చూడాల్సింది బడి ఎవరి చేత దరఖాస్తు పెట్టిస్తోందన్నది. ఉచిత సీట్లు తెలిసిన పిల్లలతో నిండిపోతే కొత్త పేద కుటుంబాలు రావని కొన్ని యాజమాన్యాల లెక్క. రెండు సీట్లకు వచ్చిన దరఖాస్తుల్లో చాలా భాగం ఒకే చేతిరాత, ఒకే నెట్ సెంటర్, ఒకే బడి యూకేజీ అయితే ఆదాయ పత్రాలు ఒక్కొక్కటీ చూడాల్సిందే. కుటుంబ ఆదాయమంటే ఇద్దరిదీ. కుట్టు పని, ఇస్త్రీ, టిఫిన్ బండి లాంటి ఆదాయాల్లో నెలకో తీరు ఉంటుంది. పెళ్లిళ్ల నెలల్లో వచ్చిన 8,000 పట్టుకుని 12తో గుణించకూడదు, ఏడాది మొత్తం అడిగి రాసుకోవాలి. ఈ కేసులో అడిగితే తల్లి దాచకుండా చెప్పింది. పత్రం కోసం వెళ్లినప్పుడు ఎవరూ అడగలేదు, అంతే. పరిమితి దాటింది కాబట్టి అనర్హులు. దీన్ని మోసం ఖాతాలో రాయకూడదు, ‘ఆదాయం సరిదిద్దబడింది’ అని రాస్తే చాలు.

బడి చేసే అసలు తేడా సీట్ల సంఖ్యలో ఉంటుంది. ఒకటో తరగతి 24 అని చూపిస్తే ఉచిత సీట్లు ఆరే. జూలైకి రిజిస్టరులో 40 పేర్లుంటాయి. యూకేజీలో ఇప్పుడు ఎందరున్నారు, నిరుడు ఒకటో తరగతి సంఖ్య యూడైస్‌లో (బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్) ఎంత ఉంది, ఈ రెండూ పక్కన పెడితే 24 నిలబడదు. నాలుగు సీట్లు మాయమైతే దొంగ అగ్రిమెంట్లు మూడింటి కంటే నష్టం ఎక్కువ. విచిత్రమేమిటంటే తల్లిదండ్రుల మీద ఫిర్యాదులు కుప్పలుగా వస్తాయి, దీని మీద ఒక్కటీ రాదు. ప్రవేశానికి పరీక్ష, ఇంటర్వ్యూ పెడితే సెక్షన్ 13 కింద మొదటిసారి 25,000 వరకు, తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు ఇచ్చేందుకు చెప్పిన ఫీజు కాక పైన డబ్బు, తీసుకుంటే దానికి పది రెట్ల వరకు. ‘పిల్లను ఒకసారి తీసుకురండి, చూద్దాం’ అనేది కూడా ఇంటర్వ్యూనే. ఉచిత సీటు పిల్లలను వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టడం, పుస్తకాలు ఆలస్యంగా ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధం.

అభ్యంతరాలు, ఆ తర్వాత

సెక్షన్ 32 కింద ఫిర్యాదు చేస్తే స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి, ఆపై అప్పీలు బాలల హక్కుల కమిషన్‌కు. జూన్‌లో ఇచ్చిన ఫిర్యాదు సెప్టెంబరులో తేలితే సీటు ఎవరికీ అక్కరకు రాదు. అందుకే లాటరీకి ముందు మూడు రోజులు జాబితా బయట పెట్టాలి: దరఖాస్తు నంబరు, పిల్ల పేరులో మొదటి అక్షరం, వీధి పేరు, కొలిచిన దూరం. ఫోన్ నంబరు, ఆధార్, ఇంటి నంబరు వద్దు. ఇది సచివాలయం బోర్డు మీద ఉంటే ఆ వీధివాళ్లే చూసుకుంటారు. అభ్యంతరం రాతపూర్వకంగా, పేరుతో రావాలి. ఆకాశరామన్న ఉత్తరాల మీద ఇళ్లకు వెళ్లడం మొదలుపెడితే పాత కక్షలన్నీ ఈ మూడు రోజుల్లోనే తీర్చుకుంటారు.

పరిశీలన లాటరీకి ముందే ముగించాలనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యే దాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదని సెక్షన్ 16 చెబుతోంది. తండ్రి తప్పుడు కాగితం పెట్టాడని ఆగస్టులో తేలితే, అయిదేళ్ల పిల్లను తరగతిలోంచి లేపి పంపించడం చట్టరీత్యా కుదరదు, చేయవలసిన పని కూడా కాదు. మా సూచన ఇది: పిల్ల అదే తరగతిలో ఉంటుంది, ఉచిత సీటు రద్దవుతుంది, తేలిన నాటి నుంచి మామూలు ఫీజు కుటుంబమే కట్టుకోవాలి. ఖాళీ అయిన ఉచిత సీటు అదే కోటాలో తర్వాత ఉన్న అర్హుడికి వెళ్లాలి. బడి సంఖ్య ఒకటి పెరిగినా పర్వాలేదు, 40 ఉన్న తరగతిలో 41వ పిల్లకు చోటుంటుంది. లాటరీకి ముందే తేలితే ఇంకా తేలిక. అగ్రిమెంటు కుటుంబాన్ని 3 కిలోమీటర్ల వరుసలోకి మార్చాలి, దరఖాస్తు పూర్తిగా కొట్టేయకూడదు. పిల్ల అర్హత పోలేదు, దూరం మాత్రమే మారింది.

పోలీసు కేసు సంగతి తరచూ అడుగుతారు. నకిలీ పత్రం తయారుచేయడం, దాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్ల కింద నేరాలే. సీటు కోసం తప్పటడుగు వేసిన తండ్రి మీద వాటిని ప్రయోగించడం కంటే, డబ్బు తీసుకుని పాత తేదీలతో అగ్రిమెంట్లు అల్లే దళారి మీద వాడటం మేలు. ఒకే నోటరీ ముద్రతో, ఒకే ఫిబ్రవరి వారంలో, ఒకే బడి చుట్టూ నాలుగు అగ్రిమెంట్లు కనిపిస్తే ఆ నాలుగింటి నకళ్లూ ఒకే ఫైలులో పెట్టి మండల విద్యాధికారి (ఎంఈఓ) ద్వారా పంపాలి.

ఈ బడి కేసులో చివరికి కిలోమీటరు లోపలి వరుసలో మిగిలింది అయిదుగురు: దొంగ చిరునామాలు మూడూ బయటికి, ఏటి అవతలి కుటుంబం బయటికి, యూకేజీ కుటుంబం అనర్హం, అద్దె గది కుటుంబం లోపలే. రెండు సీట్లు, ఒక్కొక్కరికి 40 శాతం అవకాశం. అద్దె గది పిల్లకు లాటరీలో రాకపోవచ్చు కూడా. అప్పుడు రెండో లాటరీ కోసం చూడాలి, ఈలోగా దగ్గరి ప్రభుత్వ బడిలో పేరు రాయించాలి. అక్కడ చేరినంత మాత్రాన రెండో లాటరీకి అడ్డు ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని మరీ రాయించాలి.